తాలింపు వెయ్యమంటావా?

నా నోరు మంచిది కాదు. ఈ మాట నా వెనకాల అనుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి ముందుగా నేనే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. ప్రత్తిపాడు దాటి లోపలికి వెళ్ళే రోడ్డులో, మిరప చేలూ పత్తి చేలూ ఉన్న చోట, చర్చివాళ్ళు నడిపే పిల్లల హోమ్ ఒకటి ఉంది. దానికి నేను వార్డెన్ని. ఇంట్లో ఉండే వీల్లేని పిల్లలు మా దగ్గర ఉంటారు. కొందరికి అసలు ఇల్లే లేదు. కొందరికి ఇల్లుంది, ఆ ఇంట్లో దెబ్బలున్నాయి. ఈ రెండో రకం పిల్లలు వచ్చిన రోజు నా నోరు మరీ పాడవుతుంది. తిట్టాల్సినవాళ్ళు ఎదురుగా ఉండరు. దాంతో పాలవాడో వంటమనిషో నాకు దొరికిపోతారు.

ఆ పిల్ల పత్తి తీతలు ముగిసే రోజుల్లో వచ్చింది. మూడో తరగతి చదువుతోంది. తల్లి వినుకొండ వైపు నుంచి కూలి పనికి వచ్చి, ఒక రైతు పొలం గట్టున గుడిసె వేసుకుని ఉంటోంది. తండ్రి ఎటో పోయాడు. కొట్టేది తల్లే. చేతికి ఏది దొరికితే దాంతో కొట్టేది. కొట్టీ కొట్టీ తనకే ఓపిక అయిపోయిన రోజున గుడిసె తలుపు మూసి, పొయ్యిలో ఎండుమిరపకాయలు పడేసి, పిల్లను ఆ పొగ ముందు కూచోబెట్టేదట. బడిలో టీచరమ్మ పిల్ల వీపు చూసి, అడగాల్సినవాళ్ళకు ఫోన్ చేసింది. అలా మా దాకా వచ్చింది.

'కళ్ళల్లో కారం కొడతా' అనేది మా వైపు ప్రతి ఇంట్లో వినపడే మాటే. అన్నం తినని పిల్లాణ్ణీ అంటారు, అల్లరి చేసే మేనల్లుణ్ణీ అంటారు, అని నవ్వుతారు. ఎవరూ కొట్టరు. ఈ తల్లి అన్నంత పనీ చేసింది. ఆమెకు కష్టాలు లేవా అంటే ఉన్నాయి, అన్నీ విన్నాను. విన్నా నా కోపం ఆవగింజంత కూడా తగ్గలేదు.

పిల్ల వచ్చిన సాయంత్రమే మా వంటామె పెద్ద తప్పు చేసింది. వంటామె పక్క ఊళ్ళో రైతు ఇంటి కోడలు. పిల్లలందరికీ ఆమె అత్త. చెయ్యి మంచిది, మనసు ఇంకా మంచిది, కానీ దిష్టి పిచ్చి ఎక్కువ. ఏ పిల్లకు ఒళ్ళు వెచ్చబడినా సరే, గుప్పెట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని తల చుట్టూ తిప్పి పొయ్యిలో పారేస్తుంది. ఘాటు వస్తే దిష్టి లేదట, రాకపోతే ఉన్నట్టట. చర్చివాళ్ళ హోమ్‌లో ఈ దిష్టి గోలేమిటమ్మా అని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నా, నేను చూడకుండా తీసేది. నేనూ కొన్నిసార్లు చూడనట్టు ఊరుకునేదాన్ని. ప్రేమతో చేసే పనిని ఏమని అడ్డుకుంటాం?

ఆ సాయంత్రం పిల్లల సంరక్షణ ఆఫీసు నుంచి పిల్లను తీసుకొచ్చిన మేడమ్‌తో నేను ఆఫీసు గదిలో ఉన్నాను. పొగ సంగతి అప్పుడే ఆవిడ నాకు చెబుతోంది. అదే సమయానికి వంటింట్లో వంటామె పిల్లను చూసిందట. ఎండుపుల్లలా ఉన్న చేతులు, మోచేతి దగ్గర నల్లగా కమిలిన చర్మం. ఎవరి కళ్ళు పడ్డాయో నా తల్లికి అనుకుంటూ, ఉప్పూ మిరపకాయలూ తీసుకుని, తూర్పు ముఖంగా నిలబెట్టి తల చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది.

ఘాటు ఆఫీసు గది దాకా వచ్చింది. మేడమ్ దగ్గుతూ నా ముఖం చూసింది. పరిగెత్తాను.

పిల్ల ఏడవలేదు, అరవలేదు, పారిపోలేదు. తలుపు బార్లా తెరిచే ఉంది, బయటికి పోవచ్చు. పోలేదు. తనంతట తానే వెళ్ళి పొయ్యి ముందు గొంతుక్కూచుంది. రెండు చేతులూ మోకాళ్ళ కింద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, పొగ తగ్గేదాకా కూచోవాలన్నట్టు కూచుంది. గౌను తడిసిపోయింది. "ఇంకెప్పుడూ చెయ్యనమ్మా" అంటోంది. ఏం చెయ్యనంటోందో ఎవరికి తెలుసు? ఆ పిల్లకైనా తెలుసో లేదో.

నేను పిల్లను ఎత్తుకుని బయటికి తెచ్చి, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళి వంటామె మీద విరుచుకుపడ్డాను. ఆమెకు మొదట ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడే నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నా కేకలకు వరండాలో పిల్ల ఇంకా ముడుచుకుపోయింది. అది చూసి నోరు మూసుకున్నాను. నాకు నోరు మూసుకోవడం అంత తేలిక కాదు.

మర్నాటి నుంచి మా వంటింట్లో మిరపకాయ బందు. వంటామె ఎవరి మాటా వినలేదు. పప్పు చప్పిడి, కూర చప్పిడి, చారులో మిరియం గింజ కూడా లేదు. గుంటూరు జిల్లాలో మిరపకాయ లేని వంట ఎన్నాళ్ళు సాగుతుంది? పిల్లలు కంచాల ముందు కూచుని ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. పదో తరగతి పిల్ల ఒకతి, నోరు గల పిల్ల, ఒకరోజు కంచం పట్టుకొచ్చి మాకేమన్నా ఆపరేషన్లు అయ్యాయా అమ్మగారూ అని అడిగింది. నాకు నవ్వొచ్చింది, కానీ పైకి తిట్టాను.

మిరపకాయ ఆపినా పిల్లలో ఉన్న భయం ఆగలేదు. ఆ పిల్లతో ఇంకో చిక్కు ఉందని నాలుగు రోజులకే తెలిసింది. ఏమడిగినా 'ఊఁ' అనేది. నిద్రొస్తోందా అంటే ఊఁ. ఆడుకుంటావా అంటే ఊఁ. ఒకరోజు వంటామె ప్రేమ కొద్దీ ఇంకాస్త పెట్టనా, ఇంకాస్త పెట్టనా అని అడుగుతూనే ఉంది, ఇది ఊఁ అంటూనే ఉంది. చివరికి తిన్నదంతా కంచంలోనే కక్కుకుంది. కక్కి, మా ఇద్దరి చేతుల వైపు చూసింది, ముందు ఎవరి చెయ్యి లేస్తుందో అని. ఆ ఇంట్లో వద్దు అన్న మాటకు దెబ్బలు పడి ఉంటాయి. అందుకే నోట్లోంచి ఆ మాటే పోయింది.

ఇది మామూలు చిక్కు కాదు. మిరప కళ్ళాలు వేసే రోజులకు పిల్లల సంగతులు చూసే కమిటీవాళ్ళు పిలుస్తారు. తల్లిని కూచోబెడతారు, పిల్లను కూచోబెడతారు. పిల్ల ఏం కోరుకుంటోందో పిల్లనే అడుగుతారు. తల్లి ప్రతి ఆదివారం వస్తూనే ఉంది. గేటు తోసుకుని నేరుగా లోపలికి వచ్చేసేది, మిక్చర్ పొట్లం చేతిలో పెట్టేది, ఒళ్ళోకి లాక్కుని ఏడ్చేది, ఇంక చెయ్యి ఎత్తనని నాతో చెప్పేది. పిల్ల ఆ ఒళ్ళో కర్రలా కూచునేది. ఒక ఆదివారం ఆమె వెళ్ళాక పిల్లను అడిగాను, అమ్మ దగ్గరికి వెళ్తావా అని. ఊఁ అంది. ఇక్కడే ఉంటావా అన్నాను. ఊఁ అంది. అక్కడ కమిటీ ముందు కూడా ఇదే ఊఁ అంటే, వాళ్ళు దాన్ని పిల్ల కోరిక అనుకుంటే, ఈ పిల్ల తిరిగి ఆ గుడిసెలోకే పోతుంది. ఆ మాట తలుచుకుంటే నాకు అన్నం సయించేది కాదు.

గుంటూరు నుంచి కౌన్సెలర్ అమ్మాయి ఒకతి వారానికోసారి వచ్చేది. నిన్నగాక మొన్న చదువు ముగించిన పిల్ల, నాకేం చెబుతుందిలే అని మొదట్లో నేను పెద్దగా పట్టించుకోలేదు. మా చప్పిడి వంట సంగతి విని ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. మిరపకాయను దాచి లాభం లేదంది. ఈ నేల మీద పెరిగే పిల్ల ఆ వాసన నుంచి ఎక్కడికి పోతుంది? పొగ ఎంత భయపెట్టిందో, అది ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు ఆగుతుందో తన చేతుల్లో లేకపోవడం అంతకంటే ఎక్కువ భయపెట్టిందంది. కాబట్టి ముందుగా చెప్పండి, అడగండి, పిల్ల ఎలా అంటే అలా చెయ్యండి అంది. ఊఁ అంటుందిగా అన్నాను. అననివ్వండి, మీరు అడగడం మానకండి అంది.

ఆ రోజు నుంచి మా వంటింట్లో కొత్త పద్ధతి మొదలైంది. పప్పు ఉడికాక వంటామె మూకుడు పొయ్యి మీద పెట్టి, నూనె పోసి, ఆవాలు వేసే ముందు గుమ్మంలోకి వచ్చి కేకేసేది. "తాలింపు వెయ్యమంటావా తల్లీ?" పిల్ల ఎక్కడున్నా ఊఁ అనేది. అని, పుస్తకాల బీరువా వెనక్కి వెళ్ళి ఊపిరి బిగబట్టేది. ప్రతి పూటా ఇదే తంతు. వినీ వినీ మిగతా పిల్లలకు ఆట అయిపోయింది. దుప్పటి మడత పెట్టమంటావా తల్లీ, జడ వెయ్యమంటావా తల్లీ అని ఒకరినొకరు ఆటపట్టించుకునేవాళ్ళు. పప్పులో ఘాటు వచ్చింది కదా, వాళ్ళకు ఆ హుషారు.

నాకు మాత్రం సహనం తగ్గిపోతోంది. బయట కాయ కోతలు మొదలయ్యాయి. రోడ్డు పక్కన కళ్ళాలు ఎర్రగా పరుచుకుంటున్నాయి. గాలి వీస్తే మా బట్టలారేసే తీగల దగ్గర కూడా తుమ్ములు. కమిటీ వాయిదా దగ్గర పడుతోంది. పిల్ల ఊఁ అంటూనే ఉంది. అడగ్గా అడగ్గా మన గొంతు అరగడం తప్ప ఏమొచ్చిందమ్మా అని ఒకరోజు వంటామెతో అన్నాను. మర్నాడు ఆమె మళ్ళీ గుమ్మంలోకి వెళ్ళి అడిగింది.

ఆ తర్వాతి ఆదివారం చర్చి నుంచి పాస్టరు అయ్యగారూ, పెద్దవాళ్ళు కొందరూ భోజనానికి వచ్చారు. ఆరాధన ఆలస్యంగా ముగిసింది, అందరూ ఆకలి మీద ఉన్నారు. విస్తళ్ళు వేసేశాం. పప్పు రాలేదు, సాంబారు రాలేదు. అయ్యగారు వాచీ చూసుకున్నారు. నా ఒళ్ళు మండింది. ఏం చేస్తున్నావమ్మా లోపల అని కేకలేసుకుంటూ వంటింట్లోకి వెళ్ళాను.

వంటామె పొయ్యి పక్కన నిలబడి ఉంది. పొయ్యి మీద ఉండాల్సిన మూకుడు నేల మీద ఉంది. అందులో నూనె ఉంది, తాలింపు లేదు. నేను నోరు తెరిచేలోగా ఆమె వేలు పెదాల మీద పెట్టుకుంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఆగమందండీ అమ్మగారూ" అంది గుసగుసగా. "వెయ్యమంటావా అంటే, ఆగత్తా అంది."

చూస్తే పిల్ల వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. నా వైపు చూడటం లేదు. మూకుడు వైపే చూస్తోంది. తన మాట మీద దింపిన మూకుడు నిజంగా కిందే ఉంటుందా, లేక నేనొచ్చి అరిస్తే మళ్ళీ పొయ్యెక్కుతుందా అని చూస్తోంది. నా మాట మీద అంతా ఆధారపడి ఉందని ఆ క్షణంలో తెలిసింది. వెనక్కి వెళ్ళి అయ్యగారితో పప్పు ఇంకా ఆలస్యమవుతుందండీ అని చెప్పాను. ఎందుకని అడిగారు. ఒక పిల్ల ఆగమందండీ అన్నాను. ఆయన నా ముఖం కేసి చూసి, ఏమనుకున్నారో ఏమో, మంచినీళ్ళు తాగి కూచున్నారు.

నూనె పూర్తిగా చల్లారిపోయింది. చాలాసేపటికి పిల్ల వరండాలోకి నడిచి, కిటికీ దగ్గర నిలబడి, ముక్కుకు గౌను అంచు అడ్డం పెట్టుకుని ఇప్పుడెయ్యత్తా అంది. మిరపకాయలు నూనెలో పడ్డాయి. ఘాటు వచ్చింది. పిల్ల దగ్గింది. మామూలు పిల్లలు దగ్గినట్టు, ఊపిరి తీసుకుంటూ దగ్గింది. ఆ రోజు సాంబారు మాడింది. అయినా ఎవరూ ఏమీ అనలేదు, అంటే నేను ఊరుకునేదాన్ని కాదు.

ఇక అక్కడి నుంచి మొదలయ్యాయి మా తిప్పలు. స్నానం వద్దు. మజ్జిగ వద్దు. ఎక్కాలు వద్దు. నూనె రాయొద్దు, జడ గట్టిగా వెయ్యొద్దు, పక్కన పడుకునే పిల్ల కాలు తన మీద వెయ్యొద్దు. ప్రార్థనలో కళ్ళు మూసుకోమంటే వద్దంది, తెరుచుకునే కూచుంది. ఇన్నాళ్ళ వద్దులన్నీ ఒక్కసారే బయటికొచ్చినట్టున్నాయి. నాకు చిరాకు ముంచుకొచ్చేది. వెంటనే లోపల ఎక్కడో సంబరం కూడా ముంచుకొచ్చేది. ఈ రెండూ కలిసి వస్తే మనిషి ముఖం ఎలా ఉంటుందో వంటామె చూసి నవ్వేది.

కమిటీ పిలిచిన రోజున పిల్లనూ కౌన్సెలర్ అమ్మాయినీ తీసుకుని గుంటూరు బస్సెక్కాను. దారి పొడుగునా కళ్ళాలే. పిల్ల కిటికీ మూయమంది, మూశాను. కాసేపటికి తెరవమంది, తెరిచాను. ఏం అడుగుతారని ఒక్కసారి అడిగింది. నువ్వేం కోరుకుంటున్నావో అడుగుతారు, అంతే అన్నాను. ఏం చెప్పాలో నేను చెప్పకూడదు. కౌన్సెలర్ నాకు పదే పదే చెప్పింది, లోపల మీరొక్క మాట కూడా మాట్లాడకూడదని. నాలాంటిదానికి అది ఎంత శిక్షో ఆ అమ్మాయికేం తెలుసు?

గదిలో ఒక పొడవాటి బల్ల, వెనక పెద్దవాళ్ళు. తల్లి అప్పటికే వచ్చి కూచుంది. తలకు నూనె రాసి దువ్వుకుంది, ఉతికిన చీర కట్టుకుంది. ఆ రోజు కోత కూలి వదులుకుని వచ్చి ఉంటుంది. పిల్లను చూడగానే ఏడుపు అందుకుంది. బల్ల వెనకున్న పెద్దావిడ పిల్లను దగ్గరికి పిలిచి, బడి సంగతీ తిండి సంగతీ నెమ్మదిగా అడిగి, చివరికి అడగాల్సింది అడిగింది. అమ్మతో ఇంటికి వెళ్తావామ్మా అని.

పిల్ల తల వంచుకుంది. ఇంతలో తల్లి ఉండబట్టలేక లేచి, రావే నా తల్లీ, పోదాం రావే అంటూ చెయ్యి చాచి పిల్ల తల మీదికి వచ్చింది. నిమరడానికే వచ్చిందని నాకు తెలుసు. కానీ ఆ చెయ్యి లేవగానే పిల్ల భుజాలు చెవుల దాకా లేచాయి. పెదాలు దగ్గరికొచ్చాయి. ఊఁ అనడానికి పెదాలు ఎలా దగ్గరికొస్తాయో నెలల తరబడి చూసినదాన్ని. అయిపోయింది అనుకున్నాను. ప్రభువా అని మనసులో అనుకుని కళ్ళు మూసుకున్నాను.

"ఆగమ్మా."

కళ్ళు తెరిచాను. తల్లి చెయ్యి గాల్లోనే ఉంది. ఆగింది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియనట్టు చూసుకుంటోంది. పిల్ల వెనక్కి జరగలేదు, తల ఎత్తి ఆ చెయ్యినే చూస్తోంది. పెద్దావిడ ముందుకు వంగి, ఎప్పటిదాకా ఆగాలమ్మా అని అడిగింది.

"నేను చెప్పిందాకా" అంది పిల్ల.

నేను మాట్లాడలేదు. మాట్లాడే స్థితిలో లేను, కొంగుతో ముఖం కప్పుకుని బావురుమన్నాను. తల్లి చెయ్యి కిందికి దించి, వెళ్ళి తన కుర్చీలో కూచుంది. ఆమె కూడా ఏడ్చింది, కానీ ఈసారి చప్పుడు లేకుండా ఏడ్చింది. పిల్ల మా దగ్గరే ఉంటుందని, తల్లి వచ్చి చూసి వెళ్ళొచ్చని, ఆమె కూడా కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాలని, ఆ తర్వాత మళ్ళీ కూచుని మాట్లాడుకుందామని పెద్దావిడ చెప్పింది. మేం బయటికి వస్తుంటే కౌన్సెలర్ అమ్మాయి వెనకే ఉండిపోయి తల్లితో ఏదో మాట్లాడుతోంది. ఏమాశ్చర్యం, ఆమె వింటోంది.

ఆ ఆదివారం తల్లి వస్తుందో రాదో అనుకున్నాను. వచ్చింది. ఎప్పటిలా గేటు తోసుకుని రాలేదు. బయటే ఊచలు పట్టుకుని నిలబడింది. పిల్ల వరండాలో వంటామె పక్కన కూచుని వెల్లుల్లి ఒలుస్తోంది.

లోపలికి రానా అని తల్లి అడిగింది. నన్ను కాదు, పిల్లను.

పిల్ల తలెత్తి చూసి, ఆగమని చేత్తో చెప్పి, మళ్ళీ వెల్లుల్లి అందుకుంది. ఎండ మాడిపోతోంది. వంటామె కుర్చీ తీసుకెళ్ళనా అన్నట్టు నా వైపు చూసింది. వద్దని తల ఊపాను. నా మనసు అంత మంచిది కాదు. తల్లి కొంగు తల మీదికి లాక్కుని, అలాగే నిలబడింది. వెళ్ళిపోలేదు.

వెల్లుల్లి అంతా అయ్యాక పిల్ల లేచి చేతులు కడుక్కుంది. గౌనుకు తుడుచుకుంటూ గేటు దాకా నడిచింది. గడియ మీద చెయ్యి వేసింది కానీ తియ్యలేదు.

"పొగ పెట్టనని చెప్పు" అంది.

తల్లి చెప్పింది. నాకు సరిగ్గా వినపడలేదు. పిల్లకు కూడా వినపడలేదనుకుంటాను, మళ్ళీ చెప్పమంది. తల్లి మళ్ళీ చెప్పింది, ఈసారి వరండా దాకా వినపడేలా చెప్పింది. పిల్ల కాసేపు ఆమె ముఖం చూసి, అప్పుడు గడియ తీసింది.